మాత్రల సంచి

నా చెల్లెలి కడుపు కోసి, పేగు తిప్పి కుట్టి, పొట్ట పిడికెడంత చేసి ఇంటికి పంపారు. అలాంటి పొట్టతో బతికేవాళ్లు ప్రాణం ఉన్నన్నాళ్లూ సత్తువ మాత్రలు మింగాలనీ, లేకపోతే తలకు అందాల్సింది అందదనీ మాకు అర్థమయ్యే మాటలో ఒక్కరూ చెప్పలేదు. నాలుగు నెలలు తిరగకముందే ఆమె జ్ఞాపకం పోయింది. ఇది తప్పు. ఎవరి తప్పు అన్నది తర్వాత చూసుకోవచ్చు. తప్పు జరిగిందన్నది ముందు రాసిపెడుతున్నాను.

నేను బడికి పోయినవాణ్ణి కాను. మాది కోవిల్‌పట్టికి తూర్పున నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం; తమిళ రాత అంగడి బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఆ ఇంటి తెలుగు నోట్లో పుట్టి నోట్లోనే పోయేది, దానికి రాత ఉందని కూడా మా వాళ్లలో చాలామందికి తెలియదు. పదిహేనేళ్ల వయసులో శివకాశిలో ఒక అచ్చాపీసులో కాగితాలు కోసే పనికి పోయాను. అక్కడ అన్ని భాషల క్యాలెండర్లూ అచ్చయ్యేవి. రంగు చెదిరిన తెలుగు క్యాలెండర్లు చెత్తలో పడితే ఏరుకుని వచ్చి, వారాల పేర్లూ నెలల పేర్లూ తమిళంతో పోల్చి చూసుకుంటూ అక్షరాలు పట్టుకున్నాను. మూడేళ్లు పట్టింది. మొదట రాసింది నా పేరే. చెల్లెలికి చూపిస్తే, "ఈ అచ్చరాలు సూసి ఎవుడన్నా పిల్లనిస్తాడా అన్నా?" అని నవ్వింది. అప్పటినుంచి ఎక్కడ చేవ్రాలు పెట్టమన్నా తెలుగులోనే పెట్టాను. బ్యాంకులో గొణిగారు, రిజిస్ట్రారాఫీసులో కసిరారు. నేను మార్చలేదు.

తర్వాత నేను విరుదునగర్‌లో మిరపకాయల గోడౌనులో కాయ తరం చూసే పనిలో కుదిరాను. చెల్లెల్ని కోవిల్‌పట్టిలో శనక్కాయ మిఠాయి చేసేవాళ్లింటికి ఇచ్చాం. తొంభైల మొదట్లో బావ పోయాడు. అప్పటినుంచి ఆ పొయ్యి ముందు ఆమే కూర్చుంది.

మిఠాయిలో పనంతా పాకంలోనే ఉంది. కాయ వేయించడం, పొట్టు తీయడం, బద్దలు చేయడం ఎవరైనా నేర్చుకుంటారు. బెల్లప్పాకం ఎప్పుడు దించాలో మాత్రం ఒక్కరే చూడాలి. ఆమె గరిటెతో ఒక చుక్క తీసి నీళ్ల గిన్నెలో వేసేది. చుక్క గట్టిపడగానే వేళ్లతో తీసి గిన్నె అంచుకు కొట్టేది. ఆ చప్పుడు ఆమెకే తెలుసు. "దించండి" అనేది. ముదరని పాకం చప్పుడూ ముదిరిన పాకం చప్పుడూ నాకు ఒకటిగానే వినపడేవి. ఏ కొట్టుకు గట్టి అచ్చు, ఏ టీకొట్టుకు పలచ అచ్చు, ఎవరు యాలకులు ఎక్కువ అడుగుతారు, ఎవరు సొంఠి వద్దంటారు, ఏదీ కాగితం మీద ఉండేది కాదు. అంతా తలలోనే పెట్టుకునేది.

ఆదివారాలు నేను బస్సెక్కి కోవిల్‌పట్టి పోయేవాణ్ణి. ఇద్దరం కూర్చుంటే జ్ఞాపకాల పోటీ. ఊళ్లో నాకు పెద్ద జ్ఞాపకం అని పేరు. ఆమె ముందు అది నిలిచేది కాదు.

"మన నాయన సంతనుంచి ఎద్దును తోలుకొచ్చిన పొద్దు వాన పడింది" అన్నాను ఒకసారి.

"వాన యాడ పడింది? మబ్బు పట్టింది, అంతే. నువ్వు పచ్చసొక్కా ఏసుకోనుంటివి. మూడో బొత్తాం ల్యాకుండె. అమ్మ పిన్నీసు పెట్టింది."

"నాకు పచ్చసొక్కానే లేదు!"

"ఉండె. ఎద్దు దాన్ని నమిలింది. ఏడిస్తివి గదా, అందుకే మరిసిపోయినావు."

నిజమే. ఎద్దు నమిలింది. ఆమె అన్నాక గుర్తుకొచ్చింది. నా చిన్నతనంలో సగం ఆమె దగ్గర దాచిపెట్టి ఉండేది.

ఒళ్లు మాత్రం ఏటికేడు పెరిగింది. ఇరవై ఏళ్లు పొయ్యి ముందు పలక మీద కూర్చున్న మనిషి. కూర్చున్నచోటికే అన్నీ అందించేవారు, విరిగిన అచ్చుముక్కలు నోట్లో వేసుకుంటూ ఉండేది. చక్కెర జబ్బు వచ్చింది, మోకాళ్లు పోయాయి. లేపాలంటే ఇద్దరు కావాలి. టౌన్‌బస్సు ఎక్కితే కండక్టరు, "అవ్వా, నీకు రెండు టిక్కెట్లు కొట్టాలి" అన్నాడట. "కొట్టు నాయనా, ఆ రెండోదాంట్లో నిన్ను కూసోబెట్టుకుంటా" అందట. బస్సంతా నవ్వింది. ఆమె మళ్లీ ఆ బస్సు ఎక్కలేదు. ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది. ఎక్కలేదన్న మాట నా మేనల్లుడు చెప్పాడు.

రెండువేల పది దాటాక మేనల్లుడికి ఎవరో చెప్పారు, మదురైలో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేస్తున్నారని. ముగ్గురం పోయాం. డాక్టరు కుర్రవాడే, మంచివాడిలాగే కనిపించాడు. బొమ్మ గీసి చూపించాడు. పొట్ట ఇంత, పేగు ఇక్కడ కలుపుతాం, చక్కెర దిగుతుంది, మోకాళ్లకు బరువు తగ్గుతుంది. అవన్నీ నిజమే. చక్కెర దిగింది కూడా. నేను అడిగాను, ఇంకేమైనా ఉందా అని. "ఏమీ భయపడకండి పెద్దాయనా" అన్నాడు తమిళంలో. నేను భయం గురించి అడగలేదు.

చెల్లెలు అడిగింది మాత్రం ఇదే. "డాక్టరయ్యా, మల్లా పాకం ముందర కూసోవచ్చునా?" కంగారులో ఆమెకు ఇంటి మాటే వచ్చింది, నేను తమిళంలోకి మార్చి చెప్పాను. ఆయన, "కూర్చోవడం ఎందుకు, నిలబడే చేయొచ్చు" అన్నాడు. ఆమె ముఖం వెలిగింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపే రోజు ఆ డాక్టరు ఊళ్లో లేడు. తెల్లకోటు పిల్ల ఒకతి కాగితాల కట్టతో వచ్చింది. కాగితాలన్నీ ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషులో ఊళ్ల పేర్లు, బస్సు బోర్డులు చదవడం వచ్చు, అంతే. మేనల్లుడు కారు తేవడానికి కిందికి పోయాడు. ఆ పిల్ల తమిళంలో గబగబా చెప్పింది. మొదట గంజినీళ్లు, తర్వాత మెత్తగా మెదిపిన అన్నం, స్పూనుతో తినాలి, తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. ఒక సంచి నిండా మాత్రలు చేతిలో పెట్టి, "ఇవి వేసుకోవాలి" అంది. ఎన్నాళ్లు అన్నది చెప్పలేదు. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. "రోగి తరఫున ఇక్కడ చేవ్రాలు పెట్టండి" అని వేలితో చూపించింది. పెట్టాను. తెలుగులో.

ఆ పిల్ల కాగితం తిప్పి చూసింది. "ఇదేం రాత తాతా? జాంగిరి పిండినట్టుంది!"

"మా అమ్మ మాట ఇట్లాగే ఉంటుంది" అన్నాను.

మంచం మీద చెల్లెలు కుట్లు పట్టుకుని నవ్వింది. "నవ్వించకన్నా, తెగిపోతాది!" నాకు ఆ రోజు గర్వంగానే ఉండింది. దాచను.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. జబ్బు పడి లేచినవాళ్లకు పుండు ఆరాక మంచిరోజు చూసి వేపాకు, పసుపు వేసిన నీళ్లు తలకు పోస్తారు. ఆ రోజుతో జబ్బు ఇంట్లోంచి పోయినట్టు. జబ్బు తాలూకు ఏదీ ఆ తర్వాత ఇంట్లో ఉండకూడదు. కట్టిన గుడ్డలు, మిగిలిన మందు, నమిలిన వేర్లు అన్నీ ఒక సంచిలో వేసి, మూడు దారులు కలిసేచోట వదిలి, వెనక్కి చూడకుండా రావాలి. ఆడమనిషికైతే ఆ పని పుట్టింటి అన్నదమ్ములదే. వేరేవాళ్లు చేస్తే చెల్లదు. అమ్మవారు పోసినప్పుడు మా నాయన మా మేనత్తకు చేశాడు. నా చెల్లెలికి నేను చేశాను.

నెల తిరిగి పుండు ఆరింది. నీళ్లు పోశారు. చెల్లెలి కోడలు గుడ్డలు తెచ్చి ఇచ్చింది. చెల్లెలు తడి తలతో గుమ్మంలో కూర్చుని, మాత్రల సంచి ఒళ్లో పెట్టుకుంది.

"అన్నా, ఇంగా శానా మాత్తర్లు ఉండాయే. పారెయ్యల్లా?"

"పుండు మానినాక మాత్తర్లేంటికి? ఇంట్లో పెట్టుకుంటే జబ్బుకు మల్లా దావ సూపించినట్టు."

"ఆ పిల్ల ఏసుకోమనె గదా."

"ఏసుకున్నావు గదా నెలదినాలు! ఊరికే ఇయ్యి."

ఇచ్చింది. పుట్టింటి అన్న అడిగితే ఏ చెల్లెలు ఇవ్వదు? తీసుకుపోయి మూడుదారుల దగ్గర వదిలాను. వెనక్కి చూడలేదు.

అప్పటికే వాంతులు ఉన్నాయి. ఆ తర్వాత ఎక్కువయ్యాయి. గంజి తాగినా పైకి, మెదిపిన అన్నం తిన్నా పైకి. మేనల్లుడు ఆస్పత్రికి ఫోను చేశాడు. "పొట్ట చిన్నది కదా, అలవాటు పడుతుంది, మెల్లగా నమిలి తినమనండి" అన్నారు. వారం తర్వాత మళ్లీ చేశాడు. మళ్లీ అదే మాట. మేమూ నమ్మాం, ఎందుకంటే ఒళ్లు కళ్లముందే తగ్గుతోంది. వీధిలో ఆడవాళ్లు వచ్చి చూసిపోయేవారు. "ఏమే, పెళ్లికూతురు మాదిరి అయితివే" అనేవారు. ఆమె వదులైన రవిక చేతిలోకి వేలు పోనిచ్చి చూపించేది. నెలరోజులుగా కడుపులో ఏదీ నిలవని మనిషిని చూసి మేమందరం సంతోషపడ్డాం.

మొదట నడక తూలింది. గోడ పట్టుకుని నడిచింది. తర్వాత, దీపం రెండుగా కనిపిస్తోందని అంది. నీరసం అనుకున్నాం.

ఒక ఆదివారం నేను పోయేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. "నిన్న నువ్వు పెట్టిన పొరోటా బాగుండె అన్నా" అంది.

"ఏ పొరోటా?"

"విరుదునగర్‌కి వస్తిని గదా నిన్న. బస్సులో కిటికీ పక్కన కూసోని వస్తిని. మీ ఇంటి ముందర కరెంటు పని సేస్తుండిరి. నూనెలో వేసిన పొరోటా తెప్పిస్తివి. రెండు తింటిని."

మూడు నెలలకు పైగా స్పూనుతో గంజి తాగుతున్న మనిషి. బస్సు మానేసి రెండేళ్లు దాటిన మనిషి. పరాచకం అనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. మా ఇంటి ముందు ఎవరూ తవ్వని గుంత ఎంత లోతో కూడా చెప్పింది. నాకు కోపం వచ్చింది. "ఈ వయసులో అబద్ధాలు నేర్చినావా?" అని గట్టిగా అరిచాను. ఆమె బిత్తరపోయి కోడలివైపు చూసింది. "నేనేంటికి అబద్ధం సెప్తాను? అన్నను అడుగు" అంది. అన్న ఎదురుగానే ఉన్నాడు.

మర్నాడే మదురైకి, ఈసారి వేరే ఆస్పత్రికి తీసుకుపోయాం. నరాల డాక్టరు పెద్దవాడు, తలంతా నెరిసినవాడు. ఆమె కళ్లు అటూ ఇటూ తిప్పించాడు, గదిలో నడిపించాడు. పొద్దున ఏం తిన్నావు అని అడిగాడు. ఆమె ఇడ్లీ అంది, సాంబారు అంది, కొబ్బరి చట్నీ కొంచెం పులిసింది అంది. ఆ పొద్దున ఆమె గంజి కూడా తాగలేదు. డాక్టరు మావైపు తిరిగాడు.

"ఆపరేషన్ తర్వాత విటమిన్లు ఇచ్చారా? వేసుకుంటోందా?"

మేనల్లుడు నావైపు చూశాడు. నేను గోడమీద గడియారం వైపు చూశాను. "అయిపోయినట్టుంది డాక్టర్" అన్నాడు మేనల్లుడు.

ఆయన వెంటనే నర్సును పిలిచి సూది వేయించాడు, తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. ఒక విటమిన్ ఒంట్లో కొన్ని వారాలకు సరిపడా మాత్రమే నిలవ ఉంటుందట. తిన్నదంతా వాంతయితే, మాత్రా పడకపోతే, మెదడులో జ్ఞాపకం కట్టే చోటు ఎండిపోతుందట. అప్పుడు మనిషి మరిచిపోయిన ఖాళీని తనకు తెలియకుండానే ఏదో ఒకదానితో నింపుకుంటాడట. అది అబద్ధం కాదు అని కూడా అన్నాడు, నేను అడగకుండానే. "ఆపరేషన్‌ను తిట్టకండి. అది చేయించుకున్నవాళ్లలో చాలామందికి ఒంటితోబాటు తల కూడా తేలికవుతుంది, ముందుకన్నా చురుగ్గా ఉంటారు. ఈమెకు అందాల్సింది అందలేదు. ఒక నెల ముందు వచ్చి ఉంటే..." అని ఆగిపోయాడు. పెద్దవాడు కనుక ఆగాడు.

సూదులతో కళ్లు కుదురుకున్నాయి. నడక చాలావరకు వచ్చింది. జ్ఞాపకం రాలేదు. పాతవి ఉన్నాయి, ఎద్దూ పచ్చసొక్కా ఉన్నాయి. కొత్తది ఏదీ నిలవదు. చెప్పిన మాట ఒక గ్లాసు నీళ్లు తాగేలోపు జారిపోతుంది.

సంవత్సరం తర్వాత ఒకరోజు ఆమెను పొయ్యి దగ్గరికి తీసుకుపోయాం. నేనే పట్టుబట్టాను. ఇప్పుడు పలక అక్కర్లేదు, డాక్టరు చెప్పినట్టే నిలబడింది. కోడలు బెల్లం కరిగించింది. పాకం పొంగుతుంటే చెల్లెలి చేయి తనంతట తానే గరిటె అందుకుంది. చుక్క తీసింది, నీళ్లలో వేసింది, గిన్నె అంచుకు కొట్టింది. తల కొంచెం వంచి వింది. ఇంకోసారి కొట్టింది.

"దించండి."

దించారు. కాయ కలిపి పలకమీద పోసి వత్తారు. సరిగ్గా కుదిరింది. కోడలు కళ్లు తుడుచుకుంది. నేను లోపల్లోపల, వచ్చేసింది, అంతా వచ్చేస్తుంది అనుకున్నాను.

చెల్లెలు చేతులు కడుక్కుని వచ్చి పొయ్యివైపు చూసింది. "ఇంగా పాకం పెట్టలేదా?"

"దించేసినాం అత్తా" అంది కోడలు.

"ఎవురు సూసినారు పాకం?"

"మీరే గదా."

ఆమె నమ్మలేదు. అచ్చు అంచు విరిచి, చెవి దగ్గర పెట్టుకుని ఆ చప్పుడు వింది. నోట్లో వేసుకుంది. "బాగుండాది" అంది. "ఎవురో తెలిసినోళ్లే సూసినారు."

ఆ రోజే మొదటి ఉత్తరం రాశాను. తమిళంలో, మొదటి ఆస్పత్రికి, రిజిస్టరు పోస్టులో. వాళ్లు చదవగలగాలని కింద పేరు కూడా తమిళంలోనే రాశాను. డబ్బు అడగలేదు, కోర్టు అనలేదు. ఒక్కటే ప్రశ్న. బతికినన్నాళ్లూ ఈ మాత్రలు వేసుకోవాలని మా ఇంట్లో ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ భాషలో చెప్పారు? జవాబు రాలేదు. రెండో ఉత్తరంలో వాంతుల గురించి ఫోను చేసిన సంగతి కూడా రాశాను. రాలేదు. మూడోది రాసి నేనే తీసుకుపోయాను. హాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆ కుర్ర డాక్టరు చెన్నైకి మారిపోయాడన్నారు. తెల్లకోటు పిల్ల పెళ్లి చేసుకుని పోయిందన్నారు. ఉత్తరం తీసుకుని ముద్ర వేసి పంపేశారు.

చదువుకోని ముసలివాడు, నాలుగు రోజులు అరిచి ఊరుకుంటాడనుకున్నారు. రోగి చేతిలో ఆమె చదవలేని కాగితం పెట్టి, చెప్పేశాం అనుకోవడం చెప్పడం అవుతుందా? తమిళంలో అచ్చేయడానికి ఎంత కష్టం? శివకాశి ఎంత దూరం? నేను ఏ భాషలో కావాలంటే ఆ భాషలో కాగితం కోసినవాణ్ణి.

మేనల్లుడు మాత్రం, "విడిసిపెట్టు మామా" అన్నాడు.

"ఎందుకు విడవాలి? నీ తల్లికి మతి పోతే నీకు కోపం రాదా?"

వాడు మిఠాయి పొట్లాలకు దారం కడుతున్నాడు. తల ఎత్తలేదు. "ఆ సంచి ఎవురు పారేసినారని నేనెప్పుడన్నా అడిగినానా మామా?"

అడగలేదు. ఎప్పుడూ అడగలేదు. నేను విరుదునగర్ వచ్చి నాలుగో ఉత్తరం రాశాను.

సంచి సంగతి ఆ నాలుగు ఉత్తరాల్లోనూ రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను. చెల్లెలికి చెబుదామని రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి చెప్పాను కూడా. "పోనీలే అన్నా, పుండు మానింది గదా" అంది, నా చేయి పట్టుకుని. తర్వాత నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టి, "ఏంటికి ఏడుస్తుండావు?" అని అడిగింది. రెండోసారి నేను చెప్పలేదు.

నాలుగో ఉత్తరానికి జవాబు వచ్చింది. తమిళంలో టైపు చేసి ఉంది, వెంట ఒక నకలు కాగితం. మాట మారకుండా తెలుగులో పెడుతున్నాను.

"అయ్యా, మీ నాలుగు ఉత్తరాలూ అందాయి. ఆలస్యానికి మన్నించాలి. మీ చెల్లెలు ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిన రోజు కాగితం నకలు దీనితో పంపుతున్నాం. అందులో ఏడో వరుసలో, విటమిన్ మాత్రలు జీవితాంతం ఆపకూడదనీ, వాంతులు తగ్గకపోతే వెంటనే రావాలనీ ఇంగ్లీషులో ఉంది. దాని కింద, 'చదివి వినిపించారు, అర్థమైంది' అన్నచోట రోగి తరఫు మనిషి చేవ్రాలు ఉంది. అది తమిళం కాదు, ఇంగ్లీషూ కాదు. మా దగ్గర ఎవరికీ చదవడం రాలేదు. అది ఎవరిదో మీకు తెలిస్తే దయచేసి తెలపండి. మీ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆయనే."